సోనిక్ 2లో కరెంటు పోయినా ఆట మొదటికి రాదు

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ సెగా మెగా డ్రైవ్ అనే పాత వీడియో గేమ్ యంత్రంలో సోనిక్ 2 ఆట ఆడే పిల్లలుంటే ఈ చిట్కా చెప్పండి. ఆ క్యాట్రిడ్జ్‌లో సేవ్ లేదు. కరెంటు పోతే పాపం మళ్లీ మొదటి లెవెలే.

ఆప్షన్స్‌లోని సౌండ్ టెస్ట్‌లో (ఆటలోని చప్పుళ్లు, పాటలు నంబరు పెట్టి వినే చోటు) 19, 65, 09, 17 వరసగా ప్లే చేయండి. ఆటలో రింగు దొరికినప్పటి చప్పుడు వస్తుంది. స్టార్ట్ నొక్కి టైటిల్‌కి వచ్చి, ఏ బటన్ నొక్కి పట్టుకునే స్టార్ట్ నొక్కితే లెవెల్స్ పట్టిక తెరుచుకుంటుంది. ఆగిన లెవెల్ నుంచే ఆడుకోవచ్చు. ఆ అంకెలు ఈ ఆట ప్రోగ్రామర్ యూజీ నాకా పుట్టినరోజు, 1965 సెప్టెంబర్ 17.

అదే పట్టికలోని సౌండ్ టెస్ట్‌లో 01, 09, 09, 02, 01, 01, 02, 04 ప్లే చేసి (1992 నవంబర్ 24, అమెరికాలో ఆట విడుదలైన రోజు), ఏ పట్టుకుని స్టార్ట్‌తో లెవెల్‌లోకి వెళ్తే డీబగ్ మోడ్. బి నొక్కితే ఆటలో హీరో సోనిక్ ఒక వస్తువైపోతాడు, ఏతో వస్తువు మారుతుంది, సీతో అక్కడ పెట్టేయొచ్చు. ఆట తయారుచేసినవాళ్లు పరీక్షకు వాడుకున్న పనిముట్టు ఇది; నాకైతే ఆటకంటే ఇదే ఇష్టం.

సౌండ్ టెస్ట్‌లో 10 కూడా వినండి. ఆటలో ఎక్కడా వాడకుండా మిగిలిపోయిన పాట, చాలా బాగుంటుంది.