జెన్‌వ్యెవ్ అని పిలవడం ఎలా

పారిస్ పక్కనే ఉన్న నాంతేర్ యూనివర్సిటీకి వచ్చే మన పిల్లలు గది దొరకగానే నాకు ఫోన్ చేస్తారు, "ఆంటీ, ఓనరమ్మ పేరు ఎలా పలకాలి?" అని. ఆవిడకి ఎనభై దాటి ఉంటే ఆ పేరు జెన్‌వ్యెవ్ కావడం వింతేమీ కాదు. 1920ల నుంచి 40ల దాకా ఫ్రాన్స్‌లో ఆడపిల్లలకి తెగ పెట్టిన పేరది. ఇప్పటి పసిపిల్లల్లో అరుదు.

రాతలో జి-ఇ-ఎన్-ఇ-వి-ఐ-ఇ-వి-ఇ. ఇన్ని అక్షరాలు చూసి టెన్షన్ పడొద్దు. నోటితో అనేది రెండే ముక్కలు: జెన్, వ్యెవ్. రెండో 'ఇ', చివరి 'ఇ' పలకవు. అసలు తిప్పలు మొదటి అక్షరంతోనే. అది జనంలో జ కాదు, జల్లెడలో జ కూడా కాదు. 'శ్‌శ్' అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపండి. మెడ మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. ఆ శబ్దమే కావాలి. చివరి 'వ్' దగ్గర కింది పెదవిని పై పళ్లకి తాకించి అక్కడే ఆపేయాలి. 'వ్యెవు' అని ఉకారం తగిలించకండి. మన నాలుకకి అది మహా ఇష్టం. అమెరికాలో ఇదే పేరుని మూడు ముక్కలుగా 'జెనెవీవ్' అంటారు, ఇక్కడ అలా అనకండి.

పేరు పలకడం వచ్చింది కదా అని మొదటి రోజే పేరు పెట్టి పిలిచేయకూడదు. మదామ్ అని, దాని పక్కన ఆవిడ ఇంటిపేరు. 'మదామ్ జెన్‌వ్యెవ్' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆంటీ, అమ్మమ్మ లాంటి వరసలు అసలే వద్దు. నన్ను ఆంటీ అన్నట్టు ఆవిడని అనలేరు. కొన్నాళ్లకి ఆవిడే "నన్ను జెన్‌వ్యెవ్ అనండి" అంటుంది. అప్పుడు వట్టి పేరు చాలు, గారు లాంటిదేమీ ఉండదు. కానీ మాట మాత్రం 'వూ'లోనే, అంటే మీరులోనే ఉండాలి. 'త్యు', అంటే నువ్వు, ఆవిడ అనమన్నాకే. పేరేమో వట్టిగా, మాటేమో మీరుగా! మనవాళ్లకి మింగుడుపడటానికి కొంత టైమ్ పడుతుంది.

అర్థం అడిగితే తడుముకోకుండా చెప్పేవాళ్లని నమ్మకండి. లాటిన్‌లో ఈ పేరు జెనోవెఫా. పాత జర్మనిక్ భాషల్లో 'వంశం', 'స్త్రీ' అనే రెండు మాటల కలయిక అని కొందరు, కాదు గాల్ ప్రాంతపు (ఫ్రాన్స్‌కి పాతకాలపు పేరు) కెల్టిక్ మాట అని ఇంకొందరు. పిల్లల పేర్ల సైట్లలో కనిపించే 'తెల్లని అల' మాత్రం తప్పు. అది గ్వినివియర్ అనే వేరే పేరుతో కలిపేయడం వల్ల వచ్చింది. జెన్నిఫర్ ఆ గ్వినివియర్ నుంచే పుట్టింది, దీన్నుంచి కాదు.

నిజానికి ఇక్కడివాళ్లకి ఈ పేరంటే అర్థం కన్నా ముందు ఒక మనిషి గుర్తొస్తుంది. పారిస్‌ని కాపాడే సెయింట్‌గా కొలిచే జెన్‌వ్యెవ్ ఈ నాంతేర్‌లోనే పుట్టిందంటారు. 451లో హూణుల రాజు అట్టిలా సేన వస్తోందని జనం పారిపోబోతుంటే ఆగమని నచ్చజెప్పింది. హూణులు ఊరి జోలికి రాకుండా వెళ్లిపోయారు. తర్వాత ఫ్రాంకులనే జర్మనిక్ తెగవాళ్లు ముట్టడించినప్పుడు సేన్ నదిలో పడవల మీద ధాన్యం తెప్పించి ఊరి ఆకలి తీర్చిందని కథ. నాకు అట్టిలా కథ కన్నా ఈ ధాన్యం కథే ఎక్కువ ఇష్టం. పారిస్‌లో పాంథియోన్‌ని మొదట ఆమె పేరిట చర్చిగానే కట్టారు. ఫ్రెంచి విప్లవం వచ్చి దాన్ని దేశం గొప్పవాళ్ల స్మారకంగా మార్చింది. 2015లో అక్కడ మరో జెన్‌వ్యెవ్‌కి చోటిచ్చారు: ఫ్రాన్స్ అధ్యక్షుడిగా చేసిన జనరల్ డిగాల్‌కి అన్న కూతురు, నాజీల రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి బతికి వచ్చి, తర్వాత పేదల కోసం పనిచేసిన మనిషి. అక్కడి శవపేటికలో పెట్టింది దేహాన్ని కాదు, ఆమె సమాధి దగ్గరి మట్టిని.

ఫ్రెంచి క్యాలెండర్‌లో ప్రతి తేదీకీ ఒక పేరుంటుంది. జెన్‌వ్యెవ్‌ది జనవరి 3. ఆ రోజు "బోన్ ఫెత్" అనండి. పుట్టినరోజుకి చెప్పే "జ్వాయో అనివెర్సేర్" కాదు. పెద్దవాళ్లకి ఈ పట్టింపు ఇంకా ఉంది. కొత్త సంవత్సరం శుభాకాంక్షలతో కలిపి చెప్పేసి చిన్న చాక్లెట్ పెట్టె ఇస్తే చాలు.

కార్డు మీద రాసేటప్పుడు మూడో 'ఇ' మీద ఎడమ నుంచి కుడికి దిగే గీత పెట్టండి, మిగతా వాటి మీద ఏమీ ఉండదు. ఫోన్‌లో 'ఇ'ని నొక్కి పట్టుకుంటే వస్తుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని నంబర్ల వైపు 0232 కొట్టాలి. మీ పాపకే ఈ పేరు పెడుతున్నారా? పాస్‌పోర్టు అడుగున మెషీన్ చదివే వరసల్లో ఆ గీత ఉండదు, కాబట్టి టికెట్లు గీత లేకుండానే బుక్ చేయండి.