గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ విండోస్ కెర్నల్‌కూ మెమరీ దగ్గర గొడవ: ఫార్మాట్ కొట్టకుండా సరిచేయడం ఎలా?

పెళ్లి ముహూర్తాలు మొదలైతే అనంతపురంలోని ఫొటో స్టూడియోలు, ఆల్బమ్ డిజైనింగ్ సెంటర్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే రకం. ఎడిటింగ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తుంది. లేదంటే బ్లూ స్క్రీన్ పడి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. వెంటనే ఎవరో ఒకరు వచ్చి ఫార్మాట్ కొట్టేస్తారు. ఫాంట్లు, ప్లగిన్లు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సెట్టింగులు అన్నీ పోతాయి. కొన్నాళ్లకు అదే నల్ల తెర మళ్లీ హాజరు.

ఫార్మాట్ ఎందుకు పనిచేయదో చెప్తాను. కొత్తగా విండోస్ వేసి నెట్ తగిలించగానే విండోస్ అప్‌డేట్ తనకు దొరికిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ను వెనకాల దించుకుంటుంది. అదే సమయంలో మనం ఇంకో వెర్షన్ ఎక్కిస్తాం. ఏ కలగాపులగం వల్ల జబ్బు వచ్చిందో, అదే కలగాపులగం మళ్లీ తయారు.

అసలు గొడవ ఎక్కడుందో తెలిస్తే మిగతా పనంతా అర్థమవుతుంది. కెర్నల్ అంటే విండోస్‌కు గుండెకాయ లాంటి లోపలి భాగం, డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ కార్డుతో విండోస్‌ను మాట్లాడించే సాఫ్ట్‌వేర్. ర్యామ్ మీద పెత్తనం కెర్నల్‌ది. విండోస్ విస్టా కాలం నుంచి గ్రాఫిక్స్ కార్డు మెమరీని పంచే బాధ్యత కూడా విండోస్‌దే. ఏ బొమ్మ కార్డులో ఉండాలి, చోటు చాలకపోతే దేన్ని ర్యామ్‌లోకి పంపాలి అన్నది కెర్నల్ లోపల ఉండే వీడియో మెమరీ మేనేజర్ తేలుస్తుంది. డ్రైవర్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి ఫొటోషాప్ లాంటి ప్రోగ్రాముతో పాటు నడుస్తుంది, రెండోది కెర్నల్ లోపలే నడుస్తుంది. మన చెరువుల కింద నీరుగంటి వంతు ప్రకారం నీళ్లు వదులుతుంటే, ఒకరు పోయినేడాది వంతుల లెక్క పట్టుకొచ్చి తూము ఎత్తితే ఏమవుతుంది? పాత వెర్షన్ ముక్కలు, కొత్త వెర్షన్ ముక్కలు కలిసి నడిస్తే జరిగేది అదే.

ముందు జబ్బు ఇదేనా చూడండి

విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కండి. డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు ఎంట్రీ ఉంటే, డ్రైవర్ జవాబివ్వక ఆగిపోయి మళ్లీ లేచిందని అర్థం. బ్లూ స్క్రీన్ పడితే దాని మీది పేరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్, వీడియో మెమరీ మేనేజ్‌మెంట్ ఇంటర్నల్, వీడియో షెడ్యూలర్ ఇంటర్నల్ ఎర్రర్ అనే పేర్లలో ఏది కనబడినా ఈ పద్ధతి మీకే.

ఉత్త మెమరీ మేనేజ్‌మెంట్ అని మాత్రమే వస్తే ఆగండి. అందులో డ్రైవర్ తప్పు ఉండొచ్చు, ర్యామ్ తప్పు కూడా ఉండొచ్చు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాము రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ముందు ర్యామ్ సంగతి చూడాలి. పరీక్ష చేయకుండా కొత్త ర్యామ్ కొనకండి.

కావాల్సినవి

ఒక పెన్‌డ్రైవ్. అందులో డీడీయూ అని అందరూ పిలిచే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, కార్డు కంపెనీ సైటు నుంచి దించిన పూర్తి డ్రైవర్ ఫైలు. ఎన్‌విడియా అయితే గేమ్ రెడీ వద్దు, స్టూడియో డ్రైవరే తీసుకోండి. జీటీ 710 లాంటి కెప్లర్ తరం పాత కార్డులకు 470 సిరీస్‌తోనే డ్రైవర్లు ఆగిపోయాయి, అంతకంటే కొత్తది వెతకొద్దు. ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవరే. డ్రైవర్ అప్‌డేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే ఇప్పుడే తీసేయండి.

స్పీడ్ కోసమని ఎవరైనా పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కులో ఉంచుకునే చోటు) ఆపేసి ఉంటే, దాన్ని మళ్లీ సిస్టమ్ మేనేజ్డ్‌లో పెట్టండి. కార్డులో పట్టని బొమ్మలను విండోస్ ర్యామ్‌లోకి తోస్తుంది. ర్యామ్ కూడా నిండితే దానికి ఇంకో చోటు ఉండాలి కదా.

పాత డ్రైవర్‌ను వేళ్లతో సహా తీయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. తొందర వద్దు.

డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. విండోస్ తన డ్రైవర్ స్టోర్‌లో పాత కాపీలు దాచుకుంటుంది. మీరు ఒకదాన్ని తీసేస్తే దాని కింద ఉన్న ఇంకో పాతదాన్ని పైకి తెస్తుంది. డ్రైవర్‌ను కూడా తొలగించు అని టిక్ పెట్టినా పోయేది ఆ ఒక్క కాపీయే. అందుకే నేను డీడీయూ తప్ప ఇంకోటి వాడను.

మొదట నెట్ తీసేయండి. వైఫై ఆపితే చాలదు. ల్యాన్ కేబుల్ పీకేయాలి, ఫోన్ టెథరింగ్ కూడా ఉండకూడదు. డ్రైవర్ లేకుండా విండోస్ లేచిన వెంటనే, మీరు పెన్‌డ్రైవ్ తెరిచేలోపే, అప్‌డేట్ తన డ్రైవర్ ఎక్కించడం మొదలుపెడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే మిగతాదంతా వృథా.

రెండోది పాస్‌వర్డ్. రోజూ పిన్ నొక్కి లోపలికి వెళ్లే అలవాటున్నవాళ్లు అసలు పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు. ఈ పని చేయాల్సింది సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతిలో. అది చాలాసార్లు పిన్‌ను ఒప్పుకోదు. విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కూడా అడగొచ్చు. అది చాలావరకు మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైటులో ఉంటుంది, 48 అంకెలు. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సేఫ్ మోడ్ గుమ్మం దగ్గరికి వచ్చాక వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మూడోది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లే దారి. ఎంఎస్ కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల ప్రోగ్రాములో సేఫ్ బూట్ టిక్ పెట్టి వెళ్లొద్దు. లోపలికి పోవడానికి పాస్‌వర్డ్ పడకపోతే ఆ టిక్ తీసే వీలుండదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అదే గుమ్మం దగ్గర నిలబడతారు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి 4 నొక్కండి. 5 నొక్కొద్దు, అది నెట్‌తో కూడిన సేఫ్ మోడ్.

ఈ పని అంతటా షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం వద్దు, రీస్టార్ట్ మాత్రమే చేయండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటుంది. షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్‌నూ డ్రైవర్లనూ డిస్కులో దాచి, ఆన్ చేయగానే అలాగే వెనక్కి తెస్తుంది. అంటే నిన్నటి కలగాపులగం ఈ రోజు కూడా మెమరీలో కూర్చునే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే కెర్నల్ మొదటి నుంచీ లేస్తుంది. మా ఊళ్లో సిస్టమ్ ఆపి ఆన్ చేశాం అన్నా అని చెప్పే ప్రతి ఒక్కరినీ నేను అడిగే మొదటి ప్రశ్న: షట్‌డౌన్ చేశారా, రీస్టార్ట్ చేశారా?

సేఫ్ మోడ్‌లో డీడీయూ తెరిచి, జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) ఎంచుకుని, కార్డు కంపెనీ పేరు ఎంచుకుని, క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కండి. అది పూర్తయ్యేదాకా మౌస్ ముట్టుకోవద్దు. యూపీఎస్ లేకుండా ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే భయపడకుండా మళ్లీ సేఫ్ మోడ్‌కు వెళ్లి మొదటి నుంచి నడపండి. ఇంటెల్, ఎన్‌విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రెండింటినీ తీసేయాలి. చాలా మోడళ్లలో ఎన్‌విడియా గీసిన బొమ్మ కూడా ఇంటెల్ మీదుగానే తెరకు చేరుతుంది. ఒకటి శుభ్రం చేసి ఒకటి వదిలేస్తే సగం పనే అవుతుంది.

రీస్టార్ట్ అయ్యాక ఐకాన్లు పెద్దగా, తెర మసగ్గా కనిపిస్తాయి. అది విండోస్ సొంత బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్. అలా కనిపించాలి కూడా. ఒకవేళ తెర ముందులాగే స్పష్టంగా ఉంటే పాత డ్రైవర్ ఎక్కడో మిగిలే ఉంది. మళ్లీ సేఫ్ మోడ్.

కొత్తది ఎక్కించడం

ఇది సులువు. రెండూ ఉంటే ఇంటెల్ ముందు, రీస్టార్ట్, తర్వాత ఎన్‌విడియా. కస్టమ్ ఎంచుకుని డ్రైవర్ మాత్రమే ఉంచండి, మిగతా టిక్కులు తీసేయండి. మళ్లీ రీస్టార్ట్ చేసి, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో నో పెట్టి, అప్పుడు నెట్ తగిలించండి. హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్ (పనుల వరుసను కార్డుకే అప్పగించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ప్రస్తుతానికి ఆపండి.

వీడియోల్లో చూసి రెండు పనులు మాత్రం చేయకండి. ఒకటి, విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే (కార్డు జవాబు కోసం విండోస్ ఎదురుచూసే సమయం) పెంచడం. కార్డు 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను లేపి కూర్చోబెడుతుంది, నిమిషంలో అయిదుసార్లకు మించితే బ్లూ స్క్రీన్ పడుతుంది. ఆ 2ని 10 చేస్తే జబ్బు పోదు, స్క్రీన్ ఇంకాసేపు బిగుసుకుపోతుంది అంతే. ఆ రిజిస్ట్రీ సెట్టింగులు పరీక్షల కోసమేనని మైక్రోసాఫ్టే రాసింది. రెండు, విండోస్ సెక్యూరిటీలో ఉండే మెమరీ ఇంటిగ్రిటీ ఆపడం. చెడ్డ కోడ్ కెర్నల్‌లోకి చొరబడి నడవకుండా కాపాడేది అది. ఏ డ్రైవరైనా దానితో పడకపోతే డ్రైవర్‌నే మార్చాలి.

పరీక్ష

ఏ పని మధ్యలో స్క్రీన్ పోయిందో అదే ఆల్బమ్, అదే టైమ్‌లైన్ తెరిచి పని చేయండి. పక్కన టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ ఉంచండి. డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) నిండిపోయి షేర్డ్ మెమరీ (ర్యామ్‌లోంచి వాడుకునేది) ఎక్కుతూ పోతుంటే అది గొడవ కాదు, కార్డు చాలకపోవడం. 2 జీబీ కార్డు మీద 4కే పెళ్లి వీడియో పెడితే అంతే. ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ కోసం చేసుకునే తక్కువ సైజు నకళ్లు) చేసుకుని ఎడిట్ చేయండి.

మెమరీ నిండకుండానే 4101 మళ్లీ వస్తే, ఇదే పద్ధతిలో ఒక పాత డ్రైవర్ వెర్షన్ వేసి చూడండి. అప్పటికీ వస్తే ఇక డ్రైవర్‌ను వదిలేయండి. కార్డు ఫ్యాన్‌లో చేరిన ఎర్రదుమ్ము దులిపి, వేడి చూసి, మంచి పవర్ సప్లై ఉన్న ఇంకో సిస్టమ్‌లో కార్డు పెట్టి అదే పని నడపండి. అక్కడా ఆగిపోతే పాడైంది కార్డే. అక్కడ బాగా నడిస్తే ముందు మీ సిస్టమ్ పవర్ సప్లైనే అనుమానించండి.