మీ ఊరికి 1952 నుంచి ఎంపీలు ఎవరెవరో పట్టిక రాసుకోవడం ఎలా

"నల్లగొండ ఎంపీలు" అని ఫోన్‌లో కొడితే పేర్ల వరుస వెంటనే వచ్చేస్తుంది. కానీ ఆ వరుస నల్లగొండ అనే పార్లమెంటు స్థానానిది, మీ ఊరిది కాదు. ఈ తేడా పట్టించుకోకుండా చాలామంది ఆ పేర్లనే గ్రామ చరిత్ర పుస్తకాల్లో, బడి వార్షికోత్సవ సంచికల్లో, వాట్సాప్‌లో పెట్టేస్తున్నారు. మిర్యాలగూడ మనిషి బొమ్మగాని ధర్మభిక్షాన్ని "1991లో మా ఎంపీ" అని రాసుకుంటే అది తప్పు. ఆయన అప్పుడు నల్లగొండ నుంచి గెలిచారు, మిర్యాలగూడకు ఆనాటి ఎంపీ భీమిరెడ్డి నర్సింహారెడ్డి. ఇద్దరూ పెద్ద మనుషులే, ఇద్దరూ ఎర్రజెండా వాళ్లే, అయినా ఎవరి స్థానం వాళ్లదే. అందుకే మొదట స్థానం పేరును పక్కన పెట్టి, ఊరి నుంచి మొదలుపెట్టండి.

ఒక నోటుబుక్కు గానీ ఎక్సెల్ షీట్ గానీ తీసుకుని 18 వరుసలు గీయండి. ఇప్పటిదాకా సాధారణ ఎన్నికలు 18 జరిగాయి: 1952, 1957, 1962, 1967, 1971, 1977, 1980, 1984, 1989, 1991, 1996, 1998, 1999, 2004, 2009, 2014, 2019, 2024. ఎడమవైపు సంవత్సరం రాయండి, దాని పక్కన ఆ ఏడు మీ ఊరు ఏ అసెంబ్లీ సెగ్మెంటులో ఉంది, ఏ పార్లమెంటు స్థానంలో ఉంది అనే రెండు గళ్లు పెట్టండి. ఎంపీ పేరు, పార్టీ, పదవి ఎప్పటిదాకా అనేవి వాటి తర్వాతే. ఊరు ఏ స్థానంలో ఉందో తేలకముందే ఎంపీ పేరు నింపొద్దు, గడి ఖాళీగా ఉన్నా పర్లేదు.

2009 నుంచి ఇటు పని సులువు. 2008 డిలిమిటేషన్ (నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం) ఉత్తర్వులో ఏ మండలం ఏ అసెంబ్లీ సెగ్మెంటులోకి వస్తుందో, ఏ ఏడు సెగ్మెంట్లు కలిస్తే ఒక పార్లమెంటు స్థానమో స్పష్టంగా రాసి ఉంది. ఇప్పటి నల్లగొండ స్థానంలో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ ఉన్నాయి. మునుగోడు, నకిరేకల్, తుంగతుర్తి, భువనగిరి, ఆలేరు అటు జనగామతో, ఇటు ఇబ్రహీంపట్నంతో కలిసి భువనగిరి స్థానం. పాలమూరు వైపు వస్తే మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట, మక్తల్, కొడంగల్, షాద్‌నగర్ ఒక స్థానం. వనపర్తి, గద్వాల, అలంపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్ కలిసి నాగర్‌కర్నూల్ స్థానం. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక చాలామందికి ఇక్కడే తికమక మొదలైంది. జిల్లాలు మారాయి గానీ పార్లమెంటు హద్దులు మారలేదు. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నా ఓటు మహబూబ్‌నగర్ ఎంపీకే, జనగామ వేరే జిల్లా అయినా ఓటు భువనగిరికే. కాబట్టి జిల్లా పేరు చూసి ఎంపీని తేల్చేయకండి.

2008కి ముందుకు వెళ్తే కష్టం పెరుగుతుంది. అంతకుముందటి 1976 డిలిమిటేషన్ ఉత్తర్వు నాటికి మండలాలే లేవు, అవి 1985లో వచ్చాయి. అప్పటి హద్దులన్నీ తాలూకాలు, ఫిర్కాల (తాలూకాలో కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ భాగాల) లెక్కలో ఉంటాయి. అంటే మీ ఊరు ఏ తాలూకాలో, ఏ ఫిర్కాలో ఉండేదో ముందు తెలియాలి. దీనికి ఇంట్లో ఉన్న పాత కాగితాలు బాగా పనికొస్తాయి: తాతల నాటి పహాణీ నకలు, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజు, బడి సర్టిఫికెట్, వీటిలో ఎక్కడో ఒకచోట తాలూకా పేరు కనబడుతుంది. లేకపోతే పాత జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊరి పేరు తాలూకాల వారీగా దొరుకుతుంది. శివారు పల్లెలూ తండాల వాళ్లైతే రెవెన్యూ గ్రామం పేరుతో వెతకాలి, తండా పేరు అందులో ఉండకపోవచ్చు. శ్రీశైలం ముంపులో పోయిన కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లవాళ్లకు ఇంకో పని ఉంది. మునిగిన ఊరికి ఒక వరుస, తరలి వచ్చిన చోటుకు ఇంకో వరుస, రెండూ రాసుకోవాలి. ఆ ఊళ్లకు వేరే గుర్తులు పెద్దగా మిగల్లేదు గనుక ఈ పట్టికలోనైనా వాటి పేర్లు ఉండాలని నా పట్టుదల.

స్థానాల పేర్లు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయాయో దగ్గర పెట్టుకుంటే సగం గళ్లు వాటంతటవే నిండుతాయి. మిర్యాలగూడ స్థానం 1962 నుంచి 2004 ఎన్నికల దాకా ఉంది, 2009లో మాయమై భువనగిరి వచ్చింది. నాగర్‌కర్నూల్ 1967 నుంచి ఉంది. గద్వాల పేరుతో కూడా ఒక పార్లమెంటు స్థానం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1962లో వనపర్తి రాజా జె. రామేశ్వర్‌రావు అక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు. అంతకుముందు 1957లోనూ, ఆ తర్వాత 1967, 1971, 1977లోనూ ఆయన మహబూబ్‌నగర్ ఎంపీ. మధ్యలో ఒక్కసారి ఆయన పేరు కనబడకపోతే ఓడిపోయారనుకోవద్దు, పక్క స్థానంలో చూడండి.

మిర్యాలగూడ పట్టణానికి నేను ఇలా నింపాను. 1962 లక్ష్మీదాస్, 1967 జి.ఎస్. రెడ్డి, 1971 భీమిరెడ్డి, 1977, 1980 మళ్లీ జి.ఎస్. రెడ్డి, 1984 భీమిరెడ్డి, 1989 బద్దం నర్సింహారెడ్డి, 1991 భీమిరెడ్డి, 1996, 1998 బద్దం, 1999, 2004 జైపాల్‌రెడ్డి. ఇక్కడితో మిర్యాలగూడ స్థానం అయిపోతుంది, 2009 నుంచి నల్లగొండ స్థానం పేర్లు ఎక్కుతాయి: 2009, 2014 గుత్తా సుఖేందర్‌రెడ్డి, 2019 ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, 2024 కుందూరు రఘువీర్‌రెడ్డి, అదీ 5.59 లక్షల పైచిలుకు మెజారిటీతో. నల్లగొండ పట్టణం పట్టిక పక్కన పెట్టి చూస్తే 1962 నుంచి 2004 దాకా ఒక్క పేరూ కలవదు, 2009 తర్వాత అన్నీ కలుస్తాయి. రెండు పట్టణాలూ ఒకే జిల్లావి!

పేర్లు ఎక్కడ తీసుకోవాలి అంటే, ఎన్నికల సంఘం ప్రతి సాధారణ ఎన్నికకూ వేసే గణాంక నివేదికలే అసలైన ఆధారం, అవి ఆ సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో సభ్యుల జీవిత విశేషాలు ఉంటాయి, పుట్టిన ఊరు కూడా తెలుస్తుంది. నల్లగొండ నుంచి 1998లో, 2004లో గెలిచిన సురవరం సుధాకర్‌రెడ్డి పాలమూరు జిల్లా బిడ్డ అని చూసి మా దగ్గరి పిల్లలు ఆశ్చర్యపోయారు. అయితే నివేదిక తెరిచేముందు ఒక మాట. 1952 ఫలితాలు హైదరాబాద్ రాష్ట్రం కింద ఉంటాయి, 1957 నుంచి ఆంధ్రప్రదేశ్ కింద. 2014లో మనం ఓటేసింది ఏప్రిల్ 30న, తెలంగాణ ఏర్పడింది జూన్ 2న, అందుకని ఆ ఏడాదివి కూడా ఆంధ్రప్రదేశ్ కిందే వెతకాలి. తెలంగాణ శీర్షిక 2019 నుంచి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది 1952, 1957 గళ్లలో. అప్పట్లో కొన్ని స్థానాలకు ఇద్దరు సభ్యులు ఉండేవాళ్లు, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడ్, ఓటరుకు రెండు ఓట్లు. నల్లగొండ అలాంటిదే. 1952లో రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు ఇద్దరూ గెలిచారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి ఇద్దరూ పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరు మీద నిలబడ్డారు. నెహ్రూ కంటే రావి నారాయణరెడ్డికే ఎక్కువ ఓట్లు వచ్చాయని మన పెద్దలు చెప్పుకునే మాట నిజం. ఇద్దరు సభ్యుల స్థానం కాబట్టే అన్ని ఓట్లు వచ్చాయని కొందరు తీసిపారేస్తారు గానీ, నెహ్రూ నిలబడిన అలహాబాద్ వైపు స్థానం కూడా ఇద్దరు సభ్యులదే. నాకు బాధ కలిగించేది ఏంటంటే, రావి నారాయణరెడ్డి పేరు అందరూ రాస్తారు, సుంకం అచ్చాలు పేరు వదిలేస్తారు. నల్లగొండ జనం పంపిన తొలి దళిత ఎంపీ ఆయన, ఆ గడిలో రెండు పేర్లూ ఉండాల్సిందే. 1957లో కూడా దేవులపల్లి వెంకటేశ్వరరావు పేరు ఒక్కటే రాసి ఆపేయకండి, రెండో సభ్యుడిగా కాంగ్రెస్ నుంచి డి. రాజయ్య ఉన్నారు. 1961లో చట్టం తెచ్చి ఈ ఇద్దరు సభ్యుల పద్ధతి తీసేశారు, 1962 నుంచి గడికి ఒక్క పేరే.

పార్టీ గడిలో "గెలిచినప్పటి పార్టీ" మాత్రమే రాయండి, మారితే పక్కన చిన్న అక్షరాల్లో రాసుకోండి. 1971లో రామేశ్వర్‌రావు, నల్లగొండలో కంచర్ల రామకృష్ణారెడ్డి, నాగర్‌కర్నూల్‌లో భీష్మదేవ్ ముగ్గురూ తెలంగాణ ప్రజా సమితి మీద గెలిచారు. 1969 ఉద్యమం వేడి అది, తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ఆ పార్టీవే. ఆ ఏడాదే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 1977కి రామేశ్వర్‌రావు, భీష్మదేవ్ ఇద్దరూ కాంగ్రెస్ పేరు మీద కనబడతారు. సుఖేందర్‌రెడ్డి 1999లో టీడీపీ, 2009, 2014లో కాంగ్రెస్, 2016లో టీఆర్ఎస్‌లో చేరారు. జితేందర్‌రెడ్డి మహబూబ్‌నగర్ నుంచి 1999లో బీజేపీ, 2014లో టీఆర్ఎస్. మంద జగన్నాథం 1996, 1999, 2004లో టీడీపీ, 2009లో కాంగ్రెస్. ఒక్క మనిషికి ఒక్క పార్టీ అని గుర్తుపెట్టుకుని రాస్తే సగం గళ్లు తప్పవుతాయి.

పదవి ఎప్పటిదాకా అనే గడి చిన్నదే గానీ వదలొద్దు. 2019లో గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, భువనగిరి నుంచి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి 2023 డిసెంబరులో మంత్రులయ్యాక ఎంపీ పదవులు వదిలేశారు. "2019–2024" అని రాస్తే ఆ చివరి నెలలు కూడా ఎంపీ ఉన్నట్టు అవుతుంది. రాజ్యసభ వాళ్లను ఈ పట్టికలో కలపకండి, వాళ్లను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు.

నివేదికల్లో పేర్లు ఇంగ్లిషులో ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటాయి, ఇంటిపేరు ఒకసారి పొడి అక్షరంగా, ఒకసారి పూర్తిగా, ఒకసారి అసలు లేకుండా. మల్లికార్జున్ అనే పేరు 1971, 1977లో మెదక్‌లో కనబడుతుంది, 1980 నుంచి మహబూబ్‌నగర్‌లో కనబడుతుంది, ఇద్దరూ ఒకరే. జైపాల్‌రెడ్డి 1984, 1998లో మహబూబ్‌నగర్, తర్వాత మిర్యాలగూడ, 2009లో చేవెళ్ల. అదే మల్లు అనంతరాములు, మల్లు రవి అయితే నాగర్‌కర్నూల్ నుంచే గెలిచిన ఇద్దరు వేర్వేరు మనుషులు. ఇంటిపేరు ఒకటే అని కలిపేయకుండా జీవిత విశేషాల్లో పుట్టిన తేదీ సరిచూసుకోండి.

నల్లగొండ 1996 నివేదిక తెరిస్తే పేజీలకు పేజీలు అభ్యర్థుల పేర్లే ఉంటాయి, ఫైలు పాడైందనుకోకండి. ఆ ఎన్నికలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు దేశానికి వినిపించాలని జల సాధన సమితి పిలుపుతో వందలమంది నామినేషన్ వేశారు, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమంత అయ్యింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను జనరల్ అభ్యర్థికి 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మీది ఆ ఊళ్లలో ఒకటైతే ఎంపీ గడిలో ధర్మభిక్షం పేరు రాసి ఊరుకోకుండా, మీ ఊరి నుంచి ఎవరు నామినేషన్ వేశారో కనుక్కుని కింద రాయండి. వాళ్లు ఓడినవాళ్లే, డిపాజిట్ పోయినవాళ్లే, కానీ మీ ఊరి పట్టికలో గెలిచినవాళ్ల పక్కన నిలబడాల్సినవాళ్లు.

అందుకే పెద్దవాళ్లను అడగడం కూడా ఈ పనిలో భాగమే. ఉట్టిగా "అప్పుడు ఎంపీ ఎవరు" అంటే చెప్పలేరు. "తాతా, తెలంగాణ గొడవ అయినంక ఓట్లు వచ్చినయి గదా, ఎవరికేసిన్రు? ఏ గుర్తు?" అని అడిగితే మాట కదులుతుంది. వాళ్లు చెప్పింది రాసుకోండి, సంవత్సరం మాత్రం నివేదికతో సరిచూడండి, ఎందుకంటే 1977, 1978, 1980లో వరసగా ఎన్నికలు వచ్చి ఎంపీ ఓటు, ఎమ్మెల్యే ఓటు జ్ఞాపకంలో కలిసిపోతాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వాళ్లుండే రాష్ట్రానికి ఇలాంటి పట్టిక చేసుకోవాలన్నా దారి ఇదే. టెక్సాస్ 1845లో చేరినప్పుడు ప్రతినిధుల సభలో దానికి 2 సీట్లు, ఇప్పుడు 38. అక్కడ ఎన్నిక రెండేళ్లకోసారి, హద్దులు మామూలుగా పదేళ్ల జనాభా లెక్క తర్వాత మారతాయి, ఒక్కోసారి మధ్యలోనూ మారతాయి, జిల్లాలకు పేర్లు కాదు, నంబర్లు. అప్పటి ఒకటో నంబరు జిల్లా, ఇప్పటి ఒకటో నంబరు జిల్లా ఒకే చోటు కాదు. వాళ్లూ ఇంటి అడ్రసు నుంచే మొదలుపెట్టాలి.

పట్టిక పూర్తయ్యాక గ్రామ పంచాయతీలోనో బడిలోనో అతికించేటప్పుడు, గట్టి ఆధారం దొరకని గడిని ఖాళీగానే ఉంచి కింద మీ ఫోన్ నంబరు రాయండి, తెలిసినవాళ్లు చెప్తారు. పాలమూరు వాళ్లు 2024 గడిలో డి.కె. అరుణ పేరు రాసేటప్పుడు మహబూబ్‌నగర్ స్థానానికి తొలి మహిళా ఎంపీ అనీ, మెజారిటీ సుమారు 4,500 అనీ పక్కన రాసుకోండి. రేపు మళ్లీ డిలిమిటేషన్ జరిగి మీ ఊరు వేరే స్థానంలోకి పోతే పాత వరుసలు దిద్దకండి, అడుగున కొత్త వరుస కలిపి స్థానం గడిలో కొత్త పేరు వేయండి.