మోకాలెత్తులో కట్టిన కెమెరా

మైలవరం దగ్గర మా మామిడి తోటలో మొదటిసారి ట్రైల్ కెమెరా (ఎదుట జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసేది) కట్టినప్పుడు వారానికి 1,400 ఫోటోలు పడ్డాయి. విజయవాడ ఇంటికి తెచ్చి ఆశగా చూస్తే అంతా గడ్డే, గాలికి ఊగుతున్న గడ్డి. నాలుగు ఫోటోల్లో మాత్రం తోట చూసుకునే బాబాయి, నోట్లో బీడీతో.

కెమెరాలో సెన్సర్ పట్టేది కదిలే వేడిని. ఎండకు కాగిన గడ్డి ఊగినా జంతువే అనుకుంటుంది. అందుకే ముందున్న రెండు మూడు మీటర్ల మేర కొడవలితో శుభ్రం చేయాలి. మే నెలలో మన గాలి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నాలు దండగ. డిసెంబర్, జనవరి రాత్రులు బంగారం.

నా రెండో తప్పు, కెమెరాను ఛాతీ ఎత్తులో కట్టడం. ముంగిస, కుందేలు, జంగపిల్లి దాని కిందనుంచే వెళ్ళిపోతాయి. మోకాలెత్తు చాలు, అడవి పందికి కూడా. కాలిబాటకు అడ్డంగా గురిపెడితే ఫోటోలో తోక ఒక్కటే మిగులుతుంది. బాట వెంబడి, కాస్త ఏటవాలుగా పెట్టండి. ముఖం ఉత్తరానికి ఉంటే పొద్దున, సాయంత్రం ఎండ లెన్స్‌లో పడదు.

రాత్రి ఫోటోలకు వెలిగే ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ 940 నానోమీటర్లదైతే వెలుగు కనపడదు. 850 అయితే ఎర్రటి చుక్క మెరుస్తుంది, జంతువుకే కాదు దొంగకు కూడా. తేదీ, టైమ్ సరిచేయడం మరవకండి. ఎర వేయకండి. సొంత పొలం సరే, కొండపల్లి రిజర్వు ఫారెస్టులో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా కట్టకూడదు.

పాములు, ఉడుములను ఈ సెన్సర్ సరిగా పట్టదు, వాటి ఒంటి వేడి చుట్టూ ఉన్న నేల వేడికి దగ్గరగానే ఉంటుంది. పుట్ట ఎదుట టైమ్‌లాప్స్ పెట్టి, నిమిషానికో ఫోటో తీయించాలి. బోలెడు ఓపిక కావాలి.

గట్టు మీది తాడిచెట్టు కుండల్లో కల్లు తగ్గుతోందని గీత కార్మికుడు బాబాయి మీద అనుమానపడ్డాడు. "నేను చెట్టెక్కే వయసా బాబూ?" అని బాబాయి నా దగ్గర వాపోయాడు. గీత కార్మికుడితోనే కెమెరాను పైన, కుండలకు ఎదురుగా కట్టించాను. మూడో రాత్రి దొరికింది దొంగ: కుండలో తల దూర్చిన మానుపిల్లి.

ఆ ఫోటో ఇప్పుడు బాబాయి ఫోన్‌లో ఉంది. అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ చూపిస్తున్నాడు.