ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు మూడూ కలిపినా తెలుపు రావట్లేదా?

సర్దుబాట్లన్నీ బీమ్ కనిపించీ కనిపించనంత తక్కువ పవర్‌లో, వాచీ, ఉంగరం తీసేసి చెయ్యండి. నీలంతో మరీ జాగ్రత్త. కంటికి మసకగా కనిపించినంత మాత్రాన దాని శక్తి తక్కువేం కాదు.

తెలుపు బదులు లేత నీలం వస్తోంది

మూడింటినీ సమాన వాట్లకు పెట్టి ఉంటారు. అందరం మొదట చేసే పొరపాటే ఇది. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలం వెలుగుకి పెద్దగా తోడ్పడదు, రంగును మాత్రం తనవైపు లాగేస్తుంది. ఇంగువలాగా, చిటికెడు చాలు. ఎరుపు 638, ఆకుపచ్చ 520 అయితే పవర్‌లో ఎరుపు 10 పాళ్లు, ఆకుపచ్చ 7, నీలం 4 దగ్గర మొదలుపెట్టి, గోడ మీద చూస్తూ సరిచేసుకోండి. ఎరుపు డయోడ్ (లేజర్ కాంతి పుట్టించే భాగం) 650ది అయితే ఇంకా పెంచాల్సి వస్తుంది. అదే పవర్‌కి 638 దాదాపు రెట్టింపు వెలుగు ఇస్తుంది.

పసుపు చుక్కకి ఒక పక్క ఎరుపు అంచు, ఇంకో పక్క ఆకుపచ్చ అంచు

ఎరుపు, ఆకుపచ్చ కిరణాలు కలిసి మూడో కిరణం అయిపోవు. ఆ పసుపు పుట్టేది మన కంట్లో. ఒకదాని మీద ఒకటి పడని చోట దేని రంగు దానిదే. దగ్గర్లో బాగుండి దూరంలో విడిపోతోందంటే కోణం తేడా ఉంది.

ఎరుపు డైక్రోయిక్ అద్దంలోంచి (ఒక రంగుని దాటనిచ్చి, ఇంకోదాన్ని తిప్పికొట్టే అద్దం) నేరుగా వెళ్తూ, ఆకుపచ్చ దానిమీద పడి మళ్లే అమరిక అనుకుందాం. మీటరు దూరంలో ఒక కాగితం, పది మీటర్ల గోడకి ఇంకొకటి అంటించండి. దగ్గరి కాగితం మీద కలపడానికి ఆకుపచ్చ వైపున్న మామూలు అద్దం స్క్రూ తిప్పండి, గోడ మీద కలపడానికి డైక్రోయిక్‌ది. ఒకటి సరిచేస్తే రెండోది కాస్త చెడుతుంది. విసుక్కోకుండా నాలుగైదు సార్లు తిరగెయ్యాలి. ఎక్కువ పవర్ ఎరుపు డయోడ్ల చుక్క గుండ్రంగా ఉండదు, పొడుగ్గా పట్టీలా పడుతుంది. అంచులు కలపాలని చూడకండి, ఆకుపచ్చ చుక్కని పట్టీ నడిమధ్యకి తెస్తే చాలు.

ఏడు రంగులే వస్తున్నాయి, నారింజ లేదు

డయోడ్‌కి కరెంటు ఇచ్చే డ్రైవర్ టీటీఎల్ రకం: వెలగడం, ఆరడం తప్ప మధ్యస్థాయి తెలీదు. వెలుగుని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే 0–5 వోల్టుల అనలాగ్ డ్రైవర్ వేస్తే తప్ప దారిలేదు.

అరగంటకి తెలుపు నీలిపచ్చకి తిరుగుతోంది

ఎరుపు డయోడ్ వేడెక్కి డల్ అయింది. పవర్ నాబ్ ముట్టుకోకముందు ఫ్యాన్ దుమ్ము దులపండి.