ఇల్లు ఖాళీ అయ్యే ఎండాకాలానికి ముందు: లైంగిక అలవాటు అదుపు తప్పినవారికి జాగ్రత్తలు

ఏప్రిల్ నెలాఖరుకు మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో మూడు సంగతులు దాదాపు ఒకేసారి జరుగుతాయి. యాసంగి వరి కోతలైపోయి పని తగ్గుతుంది. వడ్ల పైసలు ఖాతాలో పడతాయి. బడికి సెలవులని పిల్లల్ని తీసుకొని ఇల్లాలు తల్లిగారింటికి పోతుంది. ఎండకు బయట తిరగలేక మధ్యాహ్నమంతా ఇంట్లో ఒక్కరే, చేతిలో ఫోన్. చాలామందికి అది విశ్రాంతి. కానీ బూతు వీడియోలు, ముక్కూమొహం తెలియనివాళ్లతో వీడియో కాల్స్, డబ్బులిచ్చి పెట్టుకునే సంబంధాలు, వీటిలో ఏదో ఒకటి మానలేని స్థితికి వచ్చినవాళ్లకు ఏడాది మొత్తంలో కష్టకాలం ఇదే. దానికి కావాల్సిన ఏర్పాట్లు ముందే జరగాలి. కోరిక తన్నుకొచ్చిన రాత్రి పదకొండు గంటలకు కూర్చొని డాక్టర్ల నంబర్లు వెతికేవాళ్లు ఎవరూ ఉండరు.

ముందుగా, మీకున్నది నిజంగా ఆ సమస్యేనా అన్నది తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను అందులో ఒక రుగ్మతగా గుర్తించారు. ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో ఇదే వరస సాగుతుండాలి. పని, ఇల్లు, ఒంటి ఆరోగ్యం పక్కకు పోయి బతుకంతా దాని చుట్టూ తిరుగుతుండాలి. ఎన్నిసార్లు మానాలనుకున్నా మానలేకపోవాలి. నష్టం కళ్లకు కనిపిస్తున్నా, చివరికి దాంట్లో సుఖం లేకపోయినా ఆగలేకపోవాలి. 'తప్పు చేస్తున్నా' అన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనకూడదని కూడా ఆ వర్గీకరణ స్పష్టంగా చెప్పింది.

ఈ చివరి మాట మన దగ్గర చాలా అవసరం. అప్పుడప్పుడు హస్తప్రయోగం చేసుకునే ఇరవై ఏళ్ల పిల్లవాడు తన బలమంతా పోయిందని, పెళ్లికి పనికిరానని కుమిలిపోతుంటాడు. వీర్యం పోతే రక్తం పోయినట్టే అన్న మాట చిన్నప్పటి నుంచి విని ఉంటాడు. అది నిజం కాదు. వీర్యం శరీరంలో ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటుంది, అది పోయినంత మాత్రాన నీరసం రాదు. ఆ భయాన్ని సొమ్ము చేసుకోవడానికే బస్టాండు గోడల మీద 'గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం' అని రాసి లాడ్జీ గదుల్లో కూర్చునేవాళ్లున్నారు. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. వాళ్లిచ్చే పొడుల్లో ఏం కలుస్తుందో మీకు తెలియదు. వేలకు వేలు పోస్తారు, భయం మాత్రం అట్లాగే ఉంటుంది. దయచేసి ఆ మెట్లు ఎక్కకండి.

పోవాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకొని మానసిక వైద్య విభాగానికి పోవచ్చు. ఊరివాళ్లెవరైనా చూస్తారన్న భయముంటే పక్క జిల్లాకు పోండి, లేదంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు పోండి. ఎర్రగడ్డ పేరు వినగానే సిగ్గుపడే రోజులు పోవాలి. నిద్ర పట్టనివాళ్లు, టెన్షన్‌తో బాధపడేవాళ్లు కూడా అక్కడికి వస్తారు. మనిషి ఎదురుగా నోరు విప్పలేకపోతే మొదట 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పని కోసం ముంబయి, పుణె పోయిన పాలమూరు కూలీలకు కూడా అక్కడి నుంచే ఇదే నంబరు.

ఏం చెప్పాలో తెలియక చాలామంది ఫోన్ పెట్టేస్తారు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "సార్, నాకో అలవాటు పట్టుకుంది. బంద్ చేద్దామనుకుంటున్న, చేయలేకపోతున్న. ఇంట్ల ఎవరికీ తెల్వదు" అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. ఎప్పటి నుంచి ఉంది, రోజుకు ఎంత సమయం పోతోంది, ఎంత డబ్బు పోయింది, ఏం తాగుతారు, ఏం మాత్రలు వేసుకుంటున్నారు, ఇవి ఒక కాగితం మీద రాసుకొని పోతే ఇంకా సులువు.

మీ మాట బయటికి పోతుందేమోనన్న భయం సహజమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్లు, కౌన్సెలర్ల బాధ్యత. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉండటం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం వాళ్లు చెప్పొచ్చు, పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే చెప్పక తప్పదు. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

డాక్టర్ మొదట వేరే కారణాలు చూస్తారు. నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, ఆగకుండా మాట్లాడుతూ, ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెడుతూ, దాంతోపాటే లైంగిక కోరిక ఒక్కసారిగా పెరిగితే అది బైపోలార్ జబ్బులోని ఉద్రేక దశ కావచ్చు. దానికి చికిత్స వేరు. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రల వల్ల కొందరిలో ఈ ప్రవర్తన వస్తుంది. ఎప్పుడూ పెద్దమనిషిగా బతికిన నాయన ఉన్నట్టుండి మారిపోయాడని ఇంట్లో అసహ్యించుకునే ముందు ఆయన మందుల చీటీ డాక్టర్‌కు చూపించండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

ఈ సమస్యకే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. దిగులు, ఆందోళన తోడుంటే వాటికి మందు ఇస్తారు. కొందరికి కోరిక తీవ్రత తగ్గించే మందులు కూడా వాడి చూస్తారు. అసలు పని మాత్రం కౌన్సెలింగ్‌లో జరుగుతుంది. కోరిక ఏ గంటకు, ఏ బాధ తర్వాత వస్తోందో గుర్తుపట్టడం, వచ్చినప్పుడు దానికి లొంగకుండా కాసేపు నిలబడటం నేర్పిస్తారు. ఇది ఒక్క పూటలో అయ్యేది కాదు. అందుకే మార్చిలోనే మొదలుపెట్టి, సెలవులొచ్చేసరికి రెండు మూడుసార్లన్నా కూర్చొని ఉండాలి. కౌన్సెలర్‌ను ఎంచుకునేటప్పుడు చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. అడిగితే తప్పుపట్టేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

తోటి బాధితుల బృందాలు కూడా ఉన్నాయి. తాగుడు మానేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్ల పద్ధతినే తీసుకొని అమెరికాలో సెక్స్ అడిక్ట్స్ అనానిమస్ లాంటివి ఏర్పడ్డాయి. ఫీజులుండవు, ఇంటిపేరు అడగరు, ఆన్‌లైన్‌లోనూ కూర్చుంటారు. ఇంగ్లిష్ అర్థమయ్యేవాళ్లకు మంచి అండ. డాక్టర్‌కు బదులుగా మాత్రం కాదు.

ఇక ఇంట్లో చేసుకోవాల్సినవి. దేవుడి మీద, పిల్లల మీద ఒట్లు పెట్టుకోవడం నాకు నచ్చదు. ఒట్టు తప్పిన రోజు అసలు బాధకు ఆ పాపభయం తోడై మనిషి ఇంకా లోతుకు పోతాడు. దానికన్నా, రాత్రి తొమ్మిది కాగానే సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేసుకొని, స్మార్ట్ ఫోన్ పక్కింటి అన్న దగ్గర పెట్టి రావడం మేలు. వీడియోలు అడ్డుకునే ఫిల్టర్ పెట్టించి పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో ఉంచండి. వడ్ల పైసలు పడగానే ఎరువుల బాకీ, పిల్లల ఫీజు కట్టేసి, మిగిలింది ఇల్లాలి ఖాతాకు పంపండి. ఒంటరి మధ్యాహ్నాలను ఖాళీగా వదలొద్దు. పొద్దునా సాయంత్రం ఉపాధి పనో, బావి దగ్గర పనో, మధ్యాహ్నం నలుగురుండే చెట్టు నీడో చూసుకోండి.

కల్లు సంగతి విడిగా చెప్పాలి. తాగి ఉన్నప్పుడు నిగ్రహం ఉండదు, నేర్చుకున్నదేదీ గుర్తుకు రాదు. మన జిల్లాల్లో ఇంకో ప్రమాదముంది. కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలుపుతారు. అట్లాంటి కల్తీ కల్లు రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అన్నీ ఒకేరోజు మానేస్తానని పట్టుదలకు పోకుండా డాక్టర్‌తో చెప్పి, మందులతో మెల్లగా తగ్గించుకోవాలి.

కష్టం వచ్చిన రాత్రి ఫోన్ చేయడానికి ఒక్క మనిషన్నా ఉండాలి. బావో, చిన్నప్పటి దోస్తో, నోట్లో మాట దాగేవాడై ఉండాలి. అతనికి వివరాలన్నీ అక్కర్లేదు. "బావా, ఈ నెల నేను ఎప్పుడు ఫోన్ చేసినా జర ఎత్తు, ఏం అడగకు, పది నిమిషాలు మాట్లాడు" అని ముందే మాట తీసుకోండి.

ఇల్లాలికి చెప్పాలా వద్దా అన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. ఆమె ఊరికి పోయే ముందు రాత్రి గుండె బరువు దించుకోవడానికని అన్నీ చెప్పేస్తే మీకు తేలిక కావచ్చు, ఆమె మాత్రం ఆ బరువుతోనే బస్సెక్కి, తల్లిగారింట్లో ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంది. కౌన్సెలర్‌తో మాట్లాడి, ఆయన ఎదురుగానో ఆయన సలహాతోనో చెప్పడం మంచిది. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం కుదరదు. బయటి సంబంధాలున్నవాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి, ఫలితాలు చూసి డాక్టర్ ఫర్వాలేదనేదాకా భార్యతో కండోమ్ లేకుండా కలవకూడదు. జిల్లా ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, గోప్యం. రక్షణ లేకుండా కలిసి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ సోకకుండా మందులిచ్చే వీలుంది, ఎంత తొందరగా పోతే అంత మంచిది. వివరాలకు 1097.

భార్యలకూ ఒక మాట. ఇది మీ అందం తక్కువై వచ్చింది కాదు, మీ తప్పూ కాదు. రోజూ ఆయన ఫోన్ వెతికే పోలీసు పని మీద వేసుకోకండి. మీకూ 14416 ఉంది. కొట్టినా, బలవంతం చేసినా 181కి ఫోన్ చేయండి. ఈ సమస్య ఆడవాళ్లకూ ఉంటుంది. వాళ్లకు సిగ్గు రెండింతలు, సాయం మాత్రం ఇదే దారిలో దొరుకుతుంది.

వీడియో కాల్‌లో బట్టలు విప్పించి, రికార్డు చేసి, బంధువులకు పంపుతామని బెదిరించే ముఠాలు ఈ ఒంటరి సమయాల్లోనే పట్టుకుంటాయి. ఒకసారి డబ్బు వేస్తే మళ్లీ అడుగుతారు. వేయొద్దు. మెసేజ్‌లు, నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకొని, బ్లాక్ చేసి 1930కి ఫిర్యాదు చేయండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రే పక్కవాళ్లను లేపండి, 14416కో 112కో ఫోన్ చేయండి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ముందే వేరేచోటికి పంపేయండి. పిల్లల బూతు వీడియోలు చూడటం, ఫోన్‌లో ఉంచుకోవడం ఐటీ చట్టం, పోక్సో కింద నేరం. అట్లాంటి వాటివైపు మనసు పోతోందని అనిపించినా సరే, ఏ పిల్లలకూ హాని జరగకముందే డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంత చేసినా ఒక రోజు జారొచ్చు. జారిన రోజే 'ఎట్లాగూ పోయింది' అని సెలవులన్నీ దానికే వదిలేసేవాళ్లు ఎక్కువ. అట్లా చేయొద్దు. తెల్లారి స్నానం చేసి, అన్నం తిని, మాట ఇచ్చిన బావకు ఫోన్ చేయండి. ముందురోజు సాయంత్రం నుంచి ఏం జరిగిందో, ఎవరితో గొడవైందో, ఏం తాగారో, ఫోన్ ఎందుకు ఇంట్లోనే ఉండిపోయిందో ఓపీ చీటీ వెనక నాలుగు లైన్లు రాసుకోండి. సిగ్గుతో వచ్చే వారం డాక్టర్‌ను కలవడం మానొద్దు. ఆ చీటీతోనే పోండి.