విండోస్ 11కి మారాక మన ఫొటోల స్క్రీన్ సేవర్ రావట్లేదా?

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది కదా, దాంతో ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు ఒక్కొక్కటిగా 11కి మారుతున్నాయి. మారిన రోజు ఎవరూ పట్టించుకోరు గానీ నాలుగు రోజులు పోయాక ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు, "ఇదివరకు పెళ్లి ఫొటోలు వచ్చేవి కదా, ఇప్పుడేంటి ఊరికే నల్లగా అయిపోతోంది?" అని. ఫొటోలు పోయాయేమోనని టెన్షన్ పడక్కర్లేదు. చాలాసార్లు స్క్రీన్ సేవర్‌కి ఏమీ అవ్వదు, అది వెతికే ఫోల్డరో, అది రావాల్సిన టైమో మారి ఉంటుంది అంతే.

ఆ రెండిట్లో ఏదో ముందు తేల్చుకోండి. స్టార్ట్ నొక్కి స్క్రీన్ సేవర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే 'చేంజ్ స్క్రీన్ సేవర్' కనబడుతుంది. సెట్టింగ్స్‌లోంచే వెళ్తామంటే పర్సనలైజేషన్, అందులో లాక్ స్క్రీన్, అక్కడ కిందికంటా పోతే ఉంటుంది. విండోస్ 7 నాటి నుంచీ పెద్దగా మారని చిన్న విండో తెరుచుకుంటుంది. లిస్టులో 'నన్' (None, అంటే ఏదీ లేదు) అని ఉంటే 'ఫొటోస్' పెట్టి 'అప్లై' కొట్టండి, చాలామందికి కథ అక్కడితో ముగిసిపోతుంది. 'ఫొటోస్' ముందే ఉంటే 'ప్రివ్యూ' నొక్కి, మౌస్ మీంచి చెయ్యి తీసేయండి. మీ ఫొటోలు వచ్చాయా, టైమ్ సమస్య. రాలేదా, లేక ఎవరివో వేరేవి వచ్చాయా, ఫోల్డర్ సమస్య. ఈ చిన్న పరీక్ష చేయకుండా డ్రైవర్లు మార్చడం, విండోస్ మళ్లీ వేయించడం లాంటివి మొదలుపెట్టకండి.

ప్రివ్యూలో వస్తున్నాయి, మామూలప్పుడు రావట్లేదు

స్క్రీన్ సేవర్‌లో 'వెయిట్' 10 నిమిషాలు పెట్టి, పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ 5 నిమిషాలకే ఆగిపోయేలా ఉంటే ఫొటోలు ఎప్పటికీ కనబడవు, వాటి వంతు వచ్చేలోపే తెర ఆరిపోతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్‌లోకి వెళ్లి స్క్రీన్ ఆగే టైమ్ 20, 30 నిమిషాలకు పెంచండి, స్లీప్ టైమ్ కూడా అంతకు తగ్గకుండా చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఒక టైమ్, బ్యాటరీ మీద ఇంకో టైమ్ ఉంటాయి, రెండూ చూడాలి.

కొందరు లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేసి వెళ్తారు. మామూలుగా అలా లాక్ చేస్తే నిమిషానికే తెర ఆగిపోతుంది, ఫొటోలు రావు, అది లోపం కాదు. లాకూ కావాలి ఫొటోలూ కావాలి అంటే ఆ చిన్న విండోలోనే 'ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్' దగ్గర టిక్ పెట్టి, మీరు లాక్ చేయకుండా లేచి వెళ్లండి, ఫొటోలు వచ్చాక తిరిగి మౌస్ ముట్టుకుంటే అదే లాక్ స్క్రీన్ చూపిస్తుంది.

టైమ్‌లన్నీ సరిగ్గానే ఉండి కూడా రాకపోతే ఏదో ప్రోగ్రామ్ తెరను మేల్కొలిపి ఉంచుతోందన్నమాట. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుంటే స్క్రీన్ సేవర్ రాదు, అది మామూలే. ఇంకేదైనా ఉందేమో చూడాలంటే ఆదేశాలు టైప్ చేసే విండో, అంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, రిక్వెస్ట్స్ అని (ఇంగ్లిష్‌లో powercfg /requests) టైప్ చేసి ఎంటర్ కొట్టండి. 'డిస్‌ప్లే' కింద ఏ ప్రోగ్రామ్ పేరుంటే దాన్ని మూసేయండి. అక్కడా 'నన్' అనే ఉంటే మౌస్ మీద అనుమానపడాలి. గ్లాస్ టేబుల్ మీద పెట్టిన ఆప్టికల్ మౌస్ ఎవరూ ముట్టుకోకపోయినా పాయింటర్‌ని కొద్దికొద్దిగా కదిలిస్తుంటుంది. ఒక రాత్రి మౌస్ తిరగేసి పెట్టి చూడండి, తెలిసిపోతుంది.

ప్రివ్యూలోనే మన ఫొటోలు లేవు

అసలు తలనొప్పి ఇది, దీనికి కారణం ఎక్కువగా మన ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు వన్‌డ్రైవ్. అప్‌గ్రేడ్ అయ్యాక మొదటిసారి లాగిన్ అయినప్పుడు ఫోల్డర్లు బ్యాకప్ చేయమంటారా అని అడిగితే మనం చదవకుండానే 'నెక్స్ట్' కొట్టేస్తాం. దాంతో పిక్చర్స్ ఫోల్డర్ మీ పేరు కింద నేరుగా ఉండేది కాస్తా వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్లిపోతుంది. పేరు అదే, చూడ్డానికీ అలాగే ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పిక్చర్స్ తెరిచి ఏదైనా ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'లొకేషన్' చదవండి, మధ్యలో వన్‌డ్రైవ్ అని ఉంటే ఇదే కేసు. స్క్రీన్ సేవర్ మాత్రం పాత చోటే వెతుకుతూ ఉంటుంది.

అలాగని కోపంతో బ్యాకప్ ఆపేయొద్దు. ఆపితే ఫొటోలు వాటంతటవి వెనక్కి వస్తాయన్న నమ్మకం లేదు, అవి వన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయి పిక్చర్స్ ఖాళీగా కనబడితే ఇంట్లో ఇంకో గోల. నేనైతే చెప్పేది ఒకటే: డీ డ్రైవ్ ఉంటే అందులో, లేకపోతే సీ డ్రైవ్‌లోనే వన్‌డ్రైవ్‌కి బయట, 'ఇంటి ఫొటోలు' అని ఒక ఫోల్డర్ చేసి, కావాల్సినవి అందులోకి కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. ఫొటో పక్కన మబ్బు గుర్తు ఉంటే అది ఇంకా నెట్‌లోనే ఉందని అర్థం, రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టి, గుర్తు ఆకుపచ్చ టిక్‌గా మారాక కాపీ చేయండి. ఆ తర్వాత స్క్రీన్ సేవర్ విండోలో 'సెట్టింగ్స్', 'బ్రౌజ్', ఈ కొత్త ఫోల్డర్, 'సేవ్', చివర్లో 'అప్లై'. చాలామంది ఆ 'సేవ్' దగ్గరే మర్చిపోతారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కీప్ నథింగ్' ఎంచుకున్నారని అనుమానం ఉంటే సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో వెంటనే చూడండి, పాత ఫైళ్లు అందులో యూజర్స్ కింద దొరకొచ్చు. మామూలుగా 10 రోజులకు విండోస్ దాన్ని తీసేస్తుంది, కాబట్టి ఆదివారం చూద్దాంలే అనుకోవద్దు.

చుట్టాల ముందు బ్యాంక్ స్క్రీన్‌షాట్ వచ్చింది

నవ్వకండి, ఇది కూడా అప్‌గ్రేడ్ తెచ్చిన కష్టమే. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్‌తో తీసిన ప్రతి స్క్రీన్‌షాట్ దానంతటదే పిక్చర్స్ లోపలి స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో సేవ్ అవుతుంది, స్క్రీన్ సేవరేమో లోపలి ఫోల్డర్లన్నీ తిరుగుతుంది. ఆధార్ స్కాన్, కరెంటు బిల్లు రసీదు, వాట్సాప్ నుంచి దించిన శుభోదయం బొమ్మలు, అన్నీ వరసగా ప్రదర్శనకు వస్తాయి. పైన చెప్పిన విడి ఫోల్డరే దీనికీ మందు.

కొన్ని ఫొటోలే వస్తున్నాయి, ఐఫోన్‌వి రావట్లేదు

అవి ఐఫోన్ మామూలుగా ఫొటోలు దాచే హీక్ (HEIC) ఫార్మాట్‌లో ఉండి ఉంటాయి. ఫొటోస్ యాప్‌లో తెరుచుకున్నాయి కదా అని ఈ పాత స్క్రీన్ సేవర్ కూడా చూపిస్తుందని అనుకోకండి. ఫొటోస్ యాప్‌లోనే 'సేవ్ యాజ్' కొట్టి జేపీజీగా మార్చుకోండి. ఇకమీదట తీసేవి నేరుగా జేపీజీలోనే రావాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, 'మోస్ట్ కంపాటిబుల్'.

ఆ విండోలో ఏదీ నొక్కనివ్వట్లేదు

అక్షరాలు బూడిద రంగులో ఉండి ఏ మార్పూ ఒప్పుకోకపోతే అది ఆఫీసు ల్యాప్‌టాప్ అయ్యుంటుంది, కంపెనీ పాలసీ పెట్టి లాక్ చేసింది. విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో దొంగదారులు చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకుండా ఐటీ వాళ్లనే అడగండి.